సినిమా పాత్రల ఫిగర్లు: మన సీమ ఎండకు నిలిచేది ఏది, మీరు కొనాల్సింది ఏది

ఫోన్ స్క్రీన్ మీద ప్రతి ఫిగరూ, అంటే సినిమా పాత్ర రూపంలో వచ్చే ప్రతి బొమ్మా, బాగానే ఉంటుంది. ముఖం అచ్చం సినిమాలో చూసినట్టే ఉంటుంది, నిలబడిన తీరు కుదురుతుంది, లైటింగ్ కూడా కుదురుతుంది. ఆ ఫొటోల్లో చాలావరకు మన ఇంటికి వచ్చే బొమ్మవి కావు. కంపెనీ ముందుగా చేతితో రంగులు వేయించి పెట్టుకున్న నమూనావి. అసలు వస్తువులో తేడా ఉండవచ్చని అడుగున చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది, ఎవరూ చదవరు.

హైదరాబాద్, బెంగళూరు వాళ్లు షాపుకో, కామిక్స్, సినిమా అభిమానుల మేళా అయిన కామిక్ కాన్‌కో వెళ్లి చేతిలోకి తీసుకుని చూసి కొంటారు. కర్నూలు, కడప, అనంతపురంలో ఆ వీలు బాగా తక్కువ. ఇక్కడి బొమ్మల అంగళ్లలో వేలాడే ఐరన్ మ్యాన్‌లు, స్పైడర్ మ్యాన్‌లు ఎక్కువగా డూప్లికేట్లే. కాబట్టి చూడకుండానే ఆర్డర్ పెట్టాలి, వచ్చాక బాక్స్ తెరిచి బాగుందో లేదో తేల్చుకోవాలి. వెయ్యి నుంచి నలభై యాభై వేల దాకా పెట్టాల్సిన చోట ఈ టెన్షన్ మామూలుది కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందరూ ముఖం చూసి కొంటారు. కానీ మన దగ్గర ఫిగర్ నాలుగేళ్లు నిలవాలంటే ముందు చూడాల్సింది జాయింట్లు, ఆ తర్వాత ప్లాస్టిక్. ముఖం వంతు మూడోది.

## జాయింట్లు

మంచి ఫిగర్‌లో మెడ, భుజం, మోచేయి, మణికట్టు, ఛాతీ, నడుము, తొడ, మోకాలు, చీలమండ అన్నీ కదలాలి. మోచేతికి, మోకాలికి రెండేసి మడతలు ఉంటే పిడికిలి భుజం దగ్గరికి, మడమ తొడ దగ్గరికి వస్తాయి. ఒకే మడత ఉంటే 90 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అలాంటి ఫిగర్‌తో మోకాళ్ల మీద కూర్చునే పోజు రాదు.

ఎవరూ పట్టించుకోనిది చీలమండ. పాదం ముందుకూ వెనక్కూ కదిలితే చాలదు, పక్కకు కూడా వాలాలి. కాళ్లు ఎడంగా పెట్టి నిలబెట్టినప్పుడు పాదం పక్కకు వాలకపోతే బరువంతా పాదం అంచు మీద పడుతుంది. అప్పుడు ఫ్యాన్ గాలికే బోర్లా పడుతుంది. రివ్యూ వీడియో చూస్తున్నప్పుడు ముఖం దగ్గర కాకుండా పాదాల దగ్గర పాజ్ చేసి చూడండి.

"30కి పైగా చోట్ల కదులుతుంది" అని బాక్స్ మీద రాసినంత మాత్రాన గొప్పదైపోదు. ఎన్ని చోట్ల కదులుతుందన్నది ఒక లెక్క, కదిలిన చోట ఆగుతుందా అన్నది వేరే లెక్క. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల్లో భుజం, మోచేయి, మోకాలు విడి ముక్కలుగా కోసి ముడివేస్తారు. ముడి వదులైతే చేయి వేలాడుతుంది, మరీ బిగిస్తే ఆడదు. ప్లాస్టిక్ జాయింట్ కష్టమూ అదే. చేతిలో కత్తో సుత్తో పెట్టి చేయి అడ్డంగా చాపితే, మరుసటి రోజుకు కూడా ఆ చేయి అలాగే ఉండాలి.

కొత్త ఫిగర్‌లో జాయింట్ బిగుసుకుపోయి ఉండటం మామూలే. రంగు లోపలికి దిగి అంటుకుంటుంది. బలం పెట్టి తిప్పితే లోపలి పిన్ను విరుగుతుంది. ఆ భాగాన్ని వేడినీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి మెల్లగా కదపాలి, లేదా హెయిర్ డ్రయ్యర్ గాలి పట్టించాలి. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే చాలనిపిస్తుంది కానీ చాలవు, ఇంకాస్త వేడి కావాలి. మరుగుతున్న నీళ్లు మాత్రం వద్దు. వదులైన జాయింట్‌కు నీటితో కలిసే యాక్రిలిక్ వార్నిష్ పల్చగా పూసి, పూర్తిగా ఆరేదాకా మధ్యమధ్యలో కదుపుతూ ఉంటే బిగువు వస్తుంది. ఫెవిక్విక్ జోలికి పోవద్దు, మొత్తానికే అతుక్కుపోతుంది.

## ప్లాస్టిక్‌కు మన ఎండ

కర్నూలు, నంద్యాల వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. ఏసీ లేని పడమటి గదిలో గోడకు ఆనించిన షోకేసు లోపల వేడి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఫిగర్ల కంపెనీలు ఈ వేడిని దృష్టిలో పెట్టుకుని తయారు చేయవు.

ఫిగర్లలో ముఖ్యంగా మూడు ప్లాస్టిక్‌లు ఉంటాయి. జుట్టు, కేప్ (భుజాల వెనక వేలాడే వస్త్రం), ఒళ్లు లాంటి మెత్తటి భాగాలు పీవీసీ. కవచం, హెల్మెట్ లాంటి గట్టి భాగాలు ఏబీఎస్. ఖరీదైన వాటిలో జాయింట్ల లోపల పీఓఎం వాడతారు. అది జారుడుగా ఉంటుంది, త్వరగా అరగదు. వీటిలో ఇబ్బంది పెట్టేది పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ పైకి వస్తుంది, ఒళ్లంతా జిగటగా మారుతుంది. వేడి దాన్ని తొందర చేస్తుంది. బాక్స్ తెరవకుండా దాచినా తప్పదు. గాలి ఆడదు కాబట్టి ఆ జిగట లోపలే ఉండిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా డిష్‌వాష్ లిక్విడ్‌తో మెత్తగా కడిగి ఆరబెడితే చాలావరకు పోతుంది. అనంతపురం గాలికి జిగట మీద దుమ్ము కూడా తోడైతే కడగడం రెట్టింపు పని.

వేడికి ఇంకో నష్టం వంగడం. సన్నటి కత్తులు, కర్రలు, చీలమండలు బరువుకు మెల్లగా వాలిపోతాయి. అందుకే కవచం తొడుక్కున్న పాత్రలు మన దగ్గర బాగా నిలుస్తాయి. ఒళ్లంతా కండలు తిరిగి, బరువైన కేప్ వేసుకున్న పాత్రలు సన్నటి కాళ్ల మీద నిలబడలేక ముందుకో వెనక్కో ఒరుగుతాయి. కంపెనీ ఏదైనా ఈ తేడా కనిపిస్తుంది.

తోలు జాకెట్టు వేసుకున్న పాత్ర కొంటుంటే ఒక్క క్షణం ఆగండి. అది నిజం తోలు కాదు, గుడ్డ మీద పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత. కొన్నేళ్లకు పొరలు పొరలుగా రాలుతుంది. తేమ, వేడి రెండూ దానికి శత్రువులే. నెల్లూరు, విశాఖ వాళ్లకన్నా తేమ విషయంలో మనం నయం. వేడి విషయంలో కాదు. ముప్పై వేలు పెట్టి కొన్నదైనా ఈ పూత రాలడం తప్పించుకోలేదు. అదే జాకెట్టు మొత్తం అచ్చులో పోసిన ప్లాస్టిక్ అయితే అంత సహజంగా ఉండదు గానీ రాలదు.

## ముఖం, రంగులు

ఇక్కడ చూడాల్సినవి కొద్దే. రెండు కళ్లూ ఒకే వైపు చూస్తున్నాయా, పెదవి రంగు పెదవిలోనే ఉందా, జుట్టు మొదలైన చోట గీత శుభ్రంగా ఉందా. హాస్బ్రో లాంటి కంపెనీలు కొన్నేళ్లుగా ముఖాన్ని చేత్తో కాకుండా మెషీన్‌తో ముద్రిస్తున్నాయి. దగ్గర నుంచి చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తాయి, అది లోపం కాదు. ఆ ముద్ర పక్కకు జరిగితే మాత్రం కళ్లు కనుగుడ్ల గుంతల్లో కాకుండా చెంప మీదికి దిగుతాయి. ఆ పీస్ వెంటనే తిప్పి పంపేయండి. ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి.

పైన వేసిన రంగు గురించి అడుగుతారు గానీ ప్లాస్టిక్ సొంత రంగు గురించి ఎవరూ అడగరు. చర్మం రంగు ప్లాస్టిక్ మీద నీడలు వేయకుండా అలాగే వదిలేస్తే ముఖం మైనం ముద్దలా ఉంటుంది. ముఖానికి కాస్త నీడ, మెడకు కాస్త నీడ ఉన్న ఫిగర్ ధర తక్కువైనా ఖరీదైనదిగా కనిపిస్తుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

ఈ ధరలు మన చేతికి వచ్చేసరికి అయ్యే ఉజ్జాయింపు మొత్తాలు. పాత్రను బట్టి, స్టాక్‌ను బట్టి బాగా మారుతుంటాయి.

| రకం | ఎత్తు | ధర, రూపాయల్లో | జాయింట్లు | ముఖం, రంగు | మన ఎండకు |
|---|---|---|---|---|---|
| ఫంకో పాప్ | 10 సెం.మీ. లోపు | 1,000–2,000 | లేనట్టే | కార్టూన్ తీరు | బాగా ఆగుతుంది |
| హాస్బ్రో మార్వెల్ లెజెండ్స్ | 15 సెం.మీ. | 2,000–4,000 | బాగుంటాయి | పర్వాలేదు నుంచి బాగుంది వరకు | పర్వాలేదు |
| మెక్‌ఫార్లేన్ | 18 సెం.మీ. | 2,500–4,500 | బిగువుగా ఉంటాయి | చెక్కడం బాగుంటుంది, రంగు తక్కువ | బాగానే ఆగుతుంది |
| నెకా | 18 సెం.మీ. | 3,500–6,000 | సున్నితం | చాలా బాగుంటుంది | జాగ్రత్త కావాలి |
| ఫిగ్యువార్ట్స్, మాఫెక్స్ | 15 సెం.మీ. | 7,000–13,000 | అన్నిటికన్నా మేలు | బాగుంటుంది | పర్వాలేదు |
| హాట్ టాయ్స్ | 30 సెం.మీ. | 25,000–50,000 | చాలా, కానీ దుస్తులు అడ్డం | దీనికి సాటి లేదు | ఏసీ గది కావాలి |
| త్రీడీ ప్రింట్ | మీ ఇష్టం | ఆర్డర్‌ను బట్టి | ఉండవు | చేసేవాళ్ల చేతిని బట్టి | పదార్థాన్ని బట్టి |
| ఫస్ట్ కాపీ (నకిలీ) | 15 సెం.మీ. | 500–2,500 | లాటరీ | లాటరీ | నమ్మకం లేదు |

ఎత్తు అంకెల వెనక ఒక లెక్క ఉంది. ఆరడుగుల మనిషిని 12వ వంతుకు కుదిస్తే దాదాపు 15 సెంటీమీటర్లు, ఆరో వంతుకు కుదిస్తే 30 సెంటీమీటర్లు. 15, 18 సెంటీమీటర్ల ఫిగర్లను ఒకే అరలో కలిపి పెడితే ఒకరు పెద్దవాడిలా, ఇంకొకరు పిల్లాడిలా ఉంటారు. ఒక సైజు ఎంచుకుంటే దాని మీదే ఉండండి.

## ఒక్కొక్కటిగా

ఫంకో పాప్ను ఫిగర్ అనడానికి కలెక్టర్లు ఒప్పుకోరు. పెద్ద తల, నల్లటి గుండ్రటి కళ్లు, కదలని ఒళ్లు. కానీ విరగడానికి ఏమీ లేదు, వంగడానికి ఏమీ లేదు. ఆఫీసు టేబుల్ మీద పెట్టుకోవడానికి ఇదే హాయి. పైగా మన తెలుగు సినిమాకు దక్కిన కొద్దిపాటి అధికారిక బొమ్మల్లో బాహుబలి, భల్లాలదేవ ఫంకో పాప్‌లు ఉన్నాయి. దీనికి బొమ్మతో పాటు బాక్స్‌కూ విలువ ఉంటుంది. మూల నొక్కుకుపోతే తిరిగి అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది.

మార్వెల్ లెజెండ్స్తోనే మొదలుపెట్టమని చెప్తాను. డబ్బుకు తగిన జాయింట్లు వస్తాయి. సినిమా నటుల పోలికలు ఒకసారి అదిరిపోతాయి, ఇంకోసారి ఎవరో దూరపు చుట్టంలా ఉంటాయి. కొన్ని సెట్లలో ఒక్కో బాక్స్‌లో ఒక పెద్ద ఫిగర్ భాగం ఇస్తారు, అన్నీ కొంటే ఆ పెద్దది తయారవుతుంది. ఆ ఆశకు లొంగి అక్కర్లేని ఆరుగురిని కొనొద్దు.

మెక్‌ఫార్లేన్ 2020 నుంచి బ్యాట్‌మ్యాన్, జోకర్ లాంటి డీసీ పాత్రల్ని 18 సెంటీమీటర్ల సైజులో తెచ్చింది. బట్టల మీద కుట్లు, ముడతలు చెక్కడంలో ఈ ధరకు వాళ్లను మించినవాళ్లు లేరు. చేతులు మార్చుకునే వీలు చాలా వాటిలో ఉండదు, అదే కొరత. జాయింట్లు బిగువుగా ఉంటాయి కాబట్టి మన వేసవికి ఇది మంచి ఎంపిక. గుండ్రటి స్టాండ్ కూడా బాక్స్‌లోనే వస్తుంది.

నెకా వాళ్లది వేరే లోకం. ప్రిడేటర్, ఏలియన్, టెర్మినేటర్ లాంటి పాత్రలు. ముఖాల మీద, చర్మం మీద రంగుల పని చూస్తే కళ్లు తిప్పుకోలేం. అయితే బాక్స్‌లోంచి తీయగానే కాలు తిప్పి చూసే అలవాటున్నవాళ్లు దీని జోలికి పోకపోతే మంచిది. ముందు వేడినీళ్లు, తర్వాతే పోజు. ఒకసారి నిలబెట్టి ఏడాదంతా కదపని వాళ్లకు మాత్రం ఇంతకన్నా మంచి బేరం లేదు.

ఫిగ్యువార్ట్స్, మాఫెక్స్ రెండూ జపాన్ కంపెనీలవి, మొదటిది బందాయ్‌ది, రెండోది మెడికామ్‌ది. భుజం ముందుకు కూడా వస్తుంది, ఛాతీ వంగుతుంది, చేతులు అరడజను జతలు, ముఖాలు రెండు మూడు ఉంటాయి. ఫిగర్లతో ఫొటోలు తీసేవాళ్లకు ఇవి తప్ప వేరేవి చెప్పలేను. మాఫెక్స్‌లో కేప్ గుడ్డది, లోపల తీగ ఉంటుంది, ఎటు వంచితే అటు ఎగిరినట్టు నిలుస్తుంది. మణికట్టు పిన్నులు మాత్రం చాలా సన్నగా ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే రోజుకో చేయి మంచం కింద వెతకాలి. ఇంకో ఇబ్బంది దిగుమతి. బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. విదేశీ సైట్లో కనిపించే ధరను రూపాయల్లోకి మార్చుకుని సంబరపడొద్దు. డ్యూటీ, కొరియర్ కలిపి ఎంతో అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి.

హాట్ టాయ్స్ హాంకాంగ్ కంపెనీ. ముఖం విషయంలో మిగతా అందరూ దీని తర్వాతే. చర్మ రంధ్రాలు, కంట్లో తడి కూడా కనిపిస్తాయి. కానీ ఇది ఆడించుకునే బొమ్మ కాదు, అలంకరణ వస్తువు. కొన్ని ఒళ్లలో చేతులకు జాయింట్ కనపడకుండా రబ్బరు తొడుగు ఉంటుంది. మోచేయి మడిచి నెలల తరబడి వదిలేస్తే ఆ మడత దగ్గర పగుళ్లు వస్తాయి. ఐరన్ మ్యాన్‌లలో డైకాస్ట్, అంటే అచ్చులో పోసిన లోహం వాడినవి తీసుకుంటే వేడికి వంగే భయం లేదు, బరువు మాత్రం ఉంటుంది. లైట్లు వెలిగే వాటిలో బటన్ బ్యాటరీలు తీసేసి ఉంచండి, లోపలే కారిపోతే రిపేరు చేసేవాళ్లు మన ఊళ్లో దొరకరు. ఏసీ లేని ఇంట్లో, తోలు జాకెట్టు పాత్రకు ముప్పై వేలు పెట్టడం నాకు మనసొప్పదు. అదే డబ్బుకు డైకాస్ట్ కవచం పాత్ర అయితే సరే.

త్రీడీ ప్రింట్ వైపు వెళ్లేది ఎక్కువగా తెలుగు హీరోల అభిమానులు. ఎక్కువమంది హీరోలకు అధికారిక ఫిగర్ లేదు కాబట్టి తయారు చేయించుకుంటున్నారు. ఇది లైసెన్స్ ఉన్న వస్తువు కాదు, తిరిగి అమ్మితే ధర రాదు. ఆ సంగతి తెలిసే చేయించుకోండి. ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, పీఎల్ఏనా, రెసినా?" రెండూ ప్రింట్‌కు వాడే పదార్థాలే. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. డ్యాష్‌బోర్డు మీద అభిమాన హీరోను పెట్టుకుంటే సాయంత్రానికి నడుము వంగిపోతుంది. రెసిన్‌తో సన్నటి వివరాలు బాగా వస్తాయి, కానీ కింద పడితే పగులుతుంది. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టేదైతే రెసిన్ చెప్పండి.

ఫస్ట్ కాపీలు చూడగానే పట్టుబడేవి కొన్ని, పట్టుబడనివి కొన్ని. ఒరిజినల్‌లో పాదం కిందో వీపు మీదో సినిమా కంపెనీ పేరు, సంవత్సరం, తయారైన దేశం చెక్కి గానీ ముద్రించి గానీ ఉంటాయి. నకిలీలో అది చెరిగి ఉంటుంది, లేదా అసలు ఉండదు. బాక్స్ రంగులు వెలిసినట్టు, అక్షరాల అంచులు మసకగా ఉంటాయి. తెరవగానే ఘాటైన వాసన కొడుతుంది. జపాన్ ఫిగర్ సగం ధరకే "కొత్తది, సీల్డ్" అని కనిపిస్తే ఇక పరీక్షలు అక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్లలకు ఇవి ఇవ్వకండి, ఆ రంగుల్లో ఏముందో ఎవరూ చెప్పలేరు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పిల్లలకే కొంటుంటే ఆ గుర్తు ఉన్న మామూలు బొమ్మ కొనడం మేలు.

## మీరెవరైతే ఏది

కాలేజీలో ఉండి మొదటి ఫిగర్ కొంటున్నారు, బడ్జెట్ మూడు వేలు: మార్వెల్ అయితే లెజెండ్స్, డీసీ అయితే మెక్‌ఫార్లేన్. ఇందులో ఆలోచించేదేమీ లేదు.

తమ్ముడికో స్నేహితుడికో పుట్టినరోజు కానుకగా, అతనికి ఈ పిచ్చి ఎంతుందో తెలియకుండా కొంటున్నారా? ఫంకో పాప్ ఇవ్వండి. మీకూ నష్టం లేదు, అతనికీ ఇబ్బంది లేదు.

కొండారెడ్డి బురుజు దగ్గరో గండికోట అంచునో ఫిగర్‌ను పెట్టి ఫొటోలు తీసే సరదా ఉన్నవాళ్లకు ఫిగ్యువార్ట్స్ ఒక్కటి చాలు. నాలుగు చవకవి కొనే డబ్బు దాచి ఇది కొనండి. గండికోటలో గాలి జోరుగా ఉంటుంది, స్టాండ్‌ను రాతికి అంటించడానికి కొంచెం బ్లూటాక్ (అంటించి మళ్లీ తీసేయగల జిగురు ముద్ద) వెంట పెట్టుకోండి. పొద్దునే వెళ్లండి, పదిన్నర దాటాక ఆ రాళ్ల మీద పీవీసీని పెట్టకూడదు.

జీవితంలో ఒక్క పాత్ర, ఒక్క ఫిగర్ చాలనుకునేవాళ్లు హాట్ టాయ్స్ దాకా వెళ్లొచ్చు. కానీ చూడకుండా కొనొద్దు. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ ఒక్క పగలు ప్రయాణమే. రెండు చోట్లా కామిక్ కాన్ జరుగుతుంది. తెరిచి పెట్టిన పీస్‌ను కళ్లారా చూశాకే అడ్వాన్సు కట్టండి.

## పార్శిల్ వచ్చాక

వేసవిలో వచ్చిన పార్శిల్‌ను వెంటనే విప్పి ఫిగర్‌ను కదపొద్దు. డెలివరీ వ్యానులో మధ్యాహ్నమంతా వేడెక్కి ఉంటుంది, ప్లాస్టిక్ మెత్తగా ఉంటుంది. సీల్ కోయడం నుంచి వీడియో తీస్తూ బాక్స్ తెరవండి, లోపలి ట్రేలో ఉన్నట్టే ఒక గంట నీడలో ఉంచండి. ఆ తర్వాత రెండు పాదాలూ బల్లకు పూర్తిగా ఆనుతున్నాయా, స్టాండ్ లేకుండా నిలబడుతుందా చూడండి. ప్రతి జాయింట్‌నూ ఒకసారి మెల్లగా కదిపి, మడత దగ్గర తెల్లటి చార కనిపిస్తే అక్కడే ఆపండి. అది విరగబోయే ముందు వచ్చే గుర్తు. చేతులు, ఆయుధాలు బాక్స్ వెనక ఉన్న బొమ్మతో సరిపోల్చి లెక్కపెట్టండి. రెండు కుడి చేతులు వచ్చి ఎడమ చేయి రాని బాక్సులూ ఉంటాయి. ఇదంతా రిటర్న్ గడువు లోపలే జరగాలి, చాలా సైట్లలో అది వారం పది రోజులే.

సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాళ్లను ఫొటోలు కాదు, పాదాలు కనిపించేలా ఒక నిమిషం వీడియో అడగండి: స్టాండ్ లేకుండా నిలబెట్టి, రెండు చేతులూ పైకెత్తి. ఇంట్లో ఏ గదిలో, ఏ గోడకు పెట్టారో కూడా అడగండి. పడమటి గోడ అని చెబితే ధర తగ్గించమనండి.